ఉమ్ వజ్ది మోకాలి సబ్బు

నబ్లుస్ పాతబస్తీ మసీదులో, ఆడవాళ్ళు నమాజు చేసే వైపు, వెనక గోడ వారగా కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు ఉంటాయి. మోకాళ్ళు వంగనివాళ్ళూ నడుము పట్టేసినవాళ్ళూ వాటి మీదే కూర్చుని నమాజు చేస్తారు. మిగతావాళ్ళు సజ్దాకు వంగి నుదురు నేలకు ఆన్చే చోట, వాళ్ళు తల కాస్త ముందుకు వంచి ఊరుకుంటారు. అది తప్పేమీ కాదని, చేతకానివాళ్ళ దగ్గర దేవుడు చేతనైనంతే తీసుకుంటాడని ఇమామ్ ఎన్నిసార్లో చెప్పాడు. అయినా ఉమ్ వజ్దికి, అంటే వజ్ది వాళ్ళమ్మకి, ఆ కుర్చీలంటే ఒళ్ళుమంట. ఆమె దృష్టిలో అది గోరీల దొడ్డికి వెళ్ళే బస్సు ఆగే చోటు.

ఎదురింటి ఉమ్ నిమర్ మొదటిసారి కుర్చీ ఎక్కిన రోజున, వరసంతా వినేలా అన్నది కూడా ఈమే.

"రాణీగారు సింహాసనం ఎక్కారమ్మా! విసనకర్రలు పట్టేవాళ్ళేరీ?"

ఉమ్ నిమర్ ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి నవ్వింది. "నీ వంతూ వస్తుందిలేవే. నా పక్క కుర్చీ నీకే అట్టిపెడతా."

"నా మోకాళ్ళు మా నాన్న ఇచ్చినవే. సబ్బు వంటకి గోనెడు బూడిద భుజానేసుకుని మూడంతస్తులు ఎక్కిన మనిషి ఆయన."

ఆ మాట అని రెండేళ్ళు కూడా గడవలేదు. ఉమ్ వజ్ది కుడి మోకాలు మాట్లాడటం మొదలుపెట్టింది. మెట్లు దిగుతుంటే వేయించిన శనగలు నమిలినట్టు కటకటమనేది. నేలమీద నుంచి లేస్తుంటే చిప్ప వెనకాల ఎవరో వేలుపెట్టి పొడిచినట్టుండేది. పాతబస్తీ ఇల్లంటే మెట్లే కదా. వీధిలోంచి వాకిట్లోకి మెట్లు, వాకిట్లోంచి వంటింట్లోకి మెట్లు, అక్కణ్ణుంచి మేడ మీదికి ఇంకొన్ని. జీవితమంతా ఆ రాళ్ళను ఒక మోకాలు నేలకానించి, గుడ్డ పెట్టి తోమిన మనిషి ఆమె. ఆ ఒక్క మోకాలు కుడిదే.

ఎవరికీ చెప్పలేదు. మసీదుకు వెళ్ళడం మానేసి, చలిగా ఉందని ఒకసారి, ఇంట్లో చుట్టాలున్నారని ఒకసారి చెప్పింది. గది తలుపు గడియపెట్టుకుని మంచం అంచున కూర్చుని నమాజు చేసుకుంది. కుర్చీ కాదు కదా, మంచం, అని తనకు తనే సర్దిచెప్పుకుంది. మంచం కుర్చీకి అక్కే అని తెలుస్తూనే ఉంది. నుదురు నేలకు ఆనక ఎన్నాళ్ళయిందో వేళ్ళ మీద లెక్కపెట్టేది. రంజాను వస్తోంది. రంజాను మొదటి శుక్రవారం వాడలో ఆడవాళ్ళంతా మసీదులోనే ఉంటారు. ఆ రోజు తను ముందు వరసలో నేలమీద సజ్దా చెయ్యాలి. లేకపోతే ఉమ్ నిమర్ పక్క కుర్చీలో కూర్చోవాలి. మూడో దారి లేదు.

కూతురు సౌసన్ బడిలో లెక్కల పంతులమ్మ. తల్లి కుంటడం ఆ పిల్ల కంటపడింది. రెక్క పట్టుకుని డాక్టర్ హిల్మీ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన మోకాలిని ఇటూ అటూ వంచి, చిప్పను వేళ్ళతో పట్టి కదిపి, ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూశాడు.

"హజ్జా, నీ సబ్బు అరిగిపోయింది. లోపల నీరు కూడా చేరింది."

పెద్దావిడను గౌరవంగా హజ్జా అన్నట్టే, మోకాలి చిప్పను ఈ దేశంలో సబ్బు అనే అంటారు. అరచేతిలో సబ్బు బిళ్ళలా ఇమిడి, తోలు కింద అటూ ఇటూ జారుతుందని మొదట ఎవరన్నారో గాని ఆ పేరే నిలిచిపోయింది. ఇంకో ఊళ్ళో అయితే అది ఉత్త మాట. వింటారు, ఇంటికెళ్ళి మాత్ర మింగుతారు. సబ్బులకు పేరుపడ్డ నబ్లుస్‌లో సబ్బు ఉత్త మాట కాదు. అందులోనూ ఉమ్ వజ్ది ముందర అసలే కాదు. ఆమె తండ్రి ఆలివ్ నూనెతో సబ్బు వండినవాడు. మొగుడు అబూ వజ్ది సబ్బు కార్ఖానా మేడ మీద నేలంతా పోసిన సబ్బును కోసి, బిళ్ళ బిళ్ళకూ సుత్తితో ముద్ర కొట్టినవాడు. ఆమె చదివిన చదువు రెండో తరగతి. మూడో తరగతి అక్షరాలు సబ్బు మీది ముద్ర చూసి నేర్చుకుంది. ఏ సబ్బు పచ్చిదో ఏది పండిందో వాసన చూసి చెప్తుంది.

ఎముక అని ఆమెకు తెలియదనుకునేరు. బాగా తెలుసు. ఎన్ని గొర్రె మోకాళ్ళు కొట్టి పులుసు పెట్టలేదు! కానీ పేరు ఊరికే పెట్టరు కదా. సబ్బు అన్నాడు, అరిగింది అన్నాడు, నీరు చేరింది అన్నాడు. నీళ్ళలో పడ్డ సబ్బు అరక్క ఏం చేస్తుంది? ఆ మాత్రం పసిపిల్లకి కూడా తెలుస్తుంది. డాక్టరు ఇంకా ఏవేవో చెప్తూనే ఉన్నాడు గాని ఆమె మనసు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. కొత్త సబ్బును ఏం చేస్తారు? గాలి ఆడేలా గుండ్రంగా, లోపల బోలుగా, మనిషెత్తు గోపురాలుగా పేర్చి నెలల తరబడి ఆరబెడతారు. ఆరిన సబ్బు రాయిలా గట్టిపడుతుంది. ఇదీ అంతే.

ఆ చలికాలమంతా ఉమ్ వజ్ది మోకాలిని ఆరబెట్టింది.

పొద్దున మేడ మీద ఎండలో, మధ్యాహ్నం కిరసనాయిలు హీటరు ముందు, కాలు బారజాపి పెట్టుకుని కూర్చునేది. స్నానానికి వెళ్తే మోకాలికి ప్లాస్టిక్ సంచి చుట్టి రెండువైపులా తాడు కట్టేది. నీళ్ళు తాగడం తగ్గించేసింది. కదిపితే అరుగుతుందని కాలు కదపడమూ మానేసింది. మరమియా ఆకు టీ కూడా సగం గ్లాసే.

అబూ వజ్ది మేడ మీద పావురాలకు గింజలు వేస్తూ ఈ తంతంతా చూశాడు. చూసి చూసి ఒకరోజు అన్నాడు.

"ఏమే, నిన్ను కూడా గోపురంలా పేర్చమంటావా? గాలి బాగా తగుల్తుంది."

"నవ్వు, నవ్వు. నలభై ఏళ్ళు గొంతుక్కూర్చుని సబ్బులు కోశావు, నీ మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. నావి అరిగాయి. ఇదెక్కడి న్యాయమయ్యా?"

"నేను సబ్బు మీద కూర్చున్నా. నువ్వు నా నెత్తి మీద కూర్చున్నావు. అంత ఎత్తు ఎక్కి దిగితే మోకాలు అరగదూ మరి?"

ఆమె చెప్పు విసిరింది. అది పావురాలకు తగల్లేదు, ఆయనకూ తగల్లేదు. తెచ్చుకోడానికి లేవబోతే మోకాలు కొయ్యలా బిగుసుకుని రానంది. ఆరుతోందన్నమాట, అనుకుంది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఒక వానరోజు కాలీఫ్లవర్లు కొనుక్కుని మెట్లెక్కుతోంది. సగం మెట్ల మీద మోకాలిలో ఏదో అడ్డం పడింది, తలుపు సందులో గులకరాయి ఇరుక్కున్నట్టు. కాలు అటు సాగదు, ఇటు ముడుచుకోదు. గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. అప్పుడే ఎదురింటి తలుపు తెరుచుకోవాలా!

"ఏమే, మెట్టు మీద కొట్టు పెట్టావా?" అంది ఉమ్ నిమర్. "పువ్వెంతకిస్తున్నావు?"

"ఎండ బాగుందని కూర్చున్నా."

"వాన పడుతోందే!"

"నీ వైపు పడుతోందేమో."

ఉమ్ నిమర్ కాసేపు చూసింది. ఇంకోరోజైతే ఇంకో మాట అనేది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి సౌసన్‌కు ఫోన్ చేసింది. ఆ అనకపోవడమే ఉమ్ వజ్దికి ఎక్కువ మంట పెట్టింది.

ఈసారి డాక్టర్ హిల్మీ స్కానింగ్ తీయించాడు. బొమ్మను వేలితో చూపించాడు.

"ఇదిగో, సబ్బు వెనకవైపు నునుపంతా పోయి గరుకు తేలింది. అందులోంచి చిన్న పలుకొకటి ఊడి లోపల తిరుగుతోంది. కాలు పట్టేస్తోంది అందుకే. దుర్భిణి పెట్టి చూసి, ఆ పలుకు తీసేద్దాం."

ఆమె చెవిన పడింది 'దుర్భిణి', 'చూసి' వరకే. దుర్భిణి ఆమెకు కొత్తేం కాదు. ఇంట్లో ఉంది. దాంతో అబూ వజ్ది పక్కవాడ పావురాలను చూస్తూ కూర్చుంటాడు. సరే, చూస్తే చూడనీ.

"చూస్తే తగ్గుతుందా?" అని అడిగింది.

"పలుకు తీస్తే కాలు పట్టెయ్యదు. గరుకు కొంచెం నున్న చేస్తాం. కానీ హజ్జా, అరిగింది మాత్రం తిరిగి రాదు. అరిగిన మోకాలికి ఇది గొప్ప మందని నేను చెప్పను. కొంతమందికి హాయిగా ఉంటుంది. కొంతమందికి తేడా తెలీదు."

"నేను ఏ కొంతమందిలో?"

"చేశాక తెలుస్తుంది."

"రంజాను మొదటి శుక్రవారం నేలమీద సజ్దా చేస్తానా?"

"ఇన్షాల్లా."

ఉమ్ వజ్ది కళ్ళు చిన్నవి చేసింది. "ఇది డాక్టరు ఇన్షాల్లానా, దర్జీ ఇన్షాల్లానా? మా దర్జీ కూడా పండక్కి బట్టలిస్తావా అంటే ఇన్షాల్లా అంటాడు."

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. "రెండూ కలిసిందనుకో, హజ్జా."

ఇంటికొచ్చాక మొగుణ్ణి అడిగింది. "రెండూ కలిసిందంటే ఏంటి? అవునా కాదా?"

"బట్టలు వస్తాయి గాని చేతులు పొట్టిగా ఉంటాయని," అన్నాడాయన.

ఆపరేషన్ రోజున పస్తుండమన్నారు. చూడ్డానికి పస్తెందుకని నర్సును అడిగింది. నర్సు ఆమె పేరు అడిగింది. పేరు చెప్పాక ఏ మోకాలని అడిగింది. అది కూడా చెప్పాక ఇంకొకామె వచ్చి ఆ రెండే మళ్ళీ అడిగింది. మోకాలి మీద పెన్నుతో బాణం గుర్తు వేశారు. "నా పేరే మీకు గుర్తుండట్లేదు, లోపలికెళ్ళి దేనికోసం వచ్చారో అసలు గుర్తుంటుందా?" అంది. వెన్నులో సూది గుచ్చారు. కాసేపటికి నడుము కింద నుంచి ఎవరివో కాళ్ళు మొలిచినట్టయింది. తనవి ఎక్కడికి పోయాయో తెలియలేదు.

ఎదురుగా టీవీ వెలిగింది. తెల్లటి గుహ ఒకటి, అందులో నీళ్ళు, నీళ్ళల్లో దూదిపోగుల్లాంటివేవో ఊగుతున్నాయి. సముద్రం అడుగున చేపల సినిమా ఏదో పెట్టారు రోగులకు కాలక్షేపానికి, అనుకుంది. చేప ఒక్కటీ రాలేదు.

"ఇది ఏ సముద్రం నాయనా?"

గుడ్డ అవతల నుంచి డాక్టర్ హిల్మీ గొంతు వినిపించింది. "అది నీ మోకాలే, హజ్జా. ఆ పైన కనపడేది నీ సబ్బు."

ఆమె చూసింది. నీళ్ళతొట్టిలో మరిచిపోయిన సబ్బు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. అంచులు కరిగి, పీచులు పీచులుగా లేచి, నీళ్ళతోపాటు ఊగుతోంది. పక్కన స్తంభానికి పెద్ద పెద్ద నీళ్ళ సంచులు వేలాడుతున్నాయి. వాటి గొట్టం వెంట చూపు జరిపింది. గొట్టం గుడ్డ అవతలికి, తన కాలి వైపే పోతోంది.

"నీళ్ళు పోస్తున్నారా!" ఉమ్ వజ్ది అరుపుకి నర్సు చేతిలోది జారినంత పనయింది. "చలికాలమంతా ఎండబెట్టానే! స్నానానికి సంచి కట్టుకున్నానే! బుడ్డెడు నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నానే! మీరు సంచులకు సంచులు పోస్తున్నారా దాని మీద?"

"ఉప్పునీళ్ళు హజ్జా. నీళ్ళు పోస్తే గాని లోపల కనపడదు."

"కనపడ్డం కోసం కరిగిస్తారా?"

 టీవీలో సన్నటి ఇనప ముక్కొకటి వచ్చి ఆ పీచుల్ని కొరుక్కు తినడం మొదలుపెట్టింది. ఇంకో చిన్న పటకారు వచ్చి, అటూ ఇటూ తప్పించుకుంటున్న తెల్లటి పలుకును వెంటాడి పట్టుకుంది. అది తన లోపల జరుగుతోంది, తనకేమో చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ మోకాలు తనదని వాళ్ళు చెప్తే నమ్మాలి. నమ్మకపోతే ఇంకెవరిదో మోకాలు చూస్తూ తనెందుకు ఏడుస్తున్నట్టు?

ఆ పలుకును చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి అబూ వజ్ది చేతికిచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, సీసా మూత తీసి, పలుకును అరచేతిలో వేసుకుని, గోటితో గీకి, వాసన చూశాడు.

"మనది కాదే," అన్నాడు. "ముద్ర లేదు."

మోకాలికి రెండే చిల్లులు, ఒక్కొక్కటి కందిగింజంత. కుట్లు విప్పిన రోజున డాక్టర్ హిల్మీ చెప్పిన మాటలు ఆమె తలలోకి వెళ్ళి ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. నడవాలట. తొడ బిగించి కాలు ఎత్తాలట, దించాలట, రోజూ. వంచాలట. కానీ మోకాలి మీద బరువు వేసి కూర్చోకూడదట కొన్నాళ్ళు.

"ఎన్నాళ్ళు?"

"నొప్పి చెప్తుంది హజ్జా."

"దానికి మాటలొచ్చా? ఏ యాసలో చెప్తుంది?"

ఇంట్లో సౌసన్ తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి, కాలు ఎత్తమనేది. ఉమ్ వజ్ది ఎత్తేది కాదు.

"వాడితే సబ్బు అరగదూ? అరిగిపోయిందని చెప్పిన నోటితోనే వాడమంటాడేమిటి ఆయన? మిగిలింది కాస్తా పోతుంది."

"అమ్మా, అది సబ్బు కాదు, ఎముక! తొడ కండకి బలం వస్తే చిప్ప మీద బరువు తగ్గుతుంది. అంతే. ఇందులో తెలీకపోవడానికేముంది?"

"ఎముకని నాకు తెలీదూ? పేరు ఊరికే పెడతారా అంటున్నా."

"నాకు పువ్వు పేరు పెట్టావు కదా. నేను పువ్వునా?"

ఉమ్ వజ్ది కూతురిని కింది నుంచి పైదాకా చూసింది. "అప్పుడప్పుడు పేరు తప్పుతుందని ఒప్పుకుంటాలే."

సౌసన్ తువ్వాలు విసిరికొట్టి వెళ్ళిపోయింది. ఉమ్ వజ్ది మళ్ళీ కాలు బారజాపుకుంది. నీళ్ళు పోసి తడిపారు, ఇక మొదటి నుంచి ఆరబెట్టాలి కామోసు అనుకుంది. కాలు ఇప్పుడు మధ్యలో పట్టెయ్యడం లేదు, నిజమే. కానీ మెట్టు దిగితే పొడుపు పోలేదు. బాగుపడిందంటే కాదని నొప్పి అంటుంది. బాగుపడలేదంటే, మరి ఆ ఇరుక్కోవడం ఏమైందే అని మోకాలు అంటుంది. ఎవరి మాట పట్టుకోవాలి? పొడుగు మేజోడు వేసుకుంటే కుడి తొడ దగ్గర వదులుగా జారుతోంది. ఎడమ కాలికి అదే మేజోడు బిగువుగా ఉంది. మేజోడే సాగింది అనుకుని కాళ్ళు మార్చి చూసింది. మేజోడు తప్పు కాదు, తొడే చిక్కిపోయింది.

రంజాను ముందు ఇల్లు దులుపుతుంటే సౌసన్ బీరువా మీది నుంచి రేకుపెట్టె దించింది. ఉమ్ వజ్ది పెళ్ళప్పుడు ఆమె తండ్రి చేత్తో ఏరి పెట్టిన సబ్బులు అవి. ఒక్క బిళ్ళ కూడా వాడలేదు ఆమె. మంచి నూనెది, గట్టిది, తండ్రి చేతిది అని ఎవర్నీ తాకనివ్వలేదు. నీటిచుక్క తగలని సబ్బు.

ఉమ్ వజ్ది మూత తీసి చూసింది. చాలా బిళ్ళలు నడిమికి పగిలి ఉన్నాయి. రంగు చచ్చిపోయింది. ఒకదాన్ని పట్టుకుని వేలితో ఒత్తితే అంచు పొడిపొడిగా రాలింది. లేచి, గోడ పట్టుకుంటూ, తొట్టి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఇంటిల్లిపాదీ రోజూ చేతులు కడుక్కునే సబ్బు ఉంది. అరిగి అరిగి చంద్రవంకలా సన్నబడింది గాని ఎక్కడా బీట లేదు. నునుపు పోలేదు. అది ఒక చేత్తో, ఇది ఒక చేత్తో పట్టుకుని మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఇదెందుకు పగిలింది? నీళ్ళే తగల్లేదే?"

అబూ వజ్ది రెండూ చూశాడు. "ఏమో. నూనె మంచిదే. మరీ ఆరిపోయిందేమో. చెయ్యి తగలక పోయిందేమో. సబ్బు మనసు ఎవడికి తెలుసు?"

"జీవితమంతా కోశావు, తెలీదా నీకు?"

"నా పని కొయ్యడం. దాచింది నువ్వు."

ఆమె రెండు బిళ్ళలూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. తడిపితే కరుగుతుంది. ఎండబెడితే పగులుతుంది. వాడితే అరుగుతుంది, కానీ అరిగింది పగల్లేదు. దాచింది అరగలేదు, కానీ పనికిరాకుండా పోయింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఎన్నిసార్లు తిప్పి చూసినా కొస దొరకలేదు. ఆ సాయంత్రం తువ్వాలు తనే చుట్టి మోకాలి కింద పెట్టుకుంది. తొడ బిగించింది. కాలు ఎత్తింది. డాక్టరును నమ్మి కాదు, కూతురిని నమ్మి అంతకంటే కాదు. నమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు గనక.

మోకాలు కటకటమంది. "వాగు, వాగు," అంది దాంతో. మళ్ళీ ఎత్తింది.

రంజాను మొదటి శుక్రవారం మధ్యాహ్నం మసీదు నిండిపోయింది. ఉమ్ నిమర్ అప్పటికే తన కుర్చీలో ఉంది. పక్క కుర్చీ మీద రుమాలు పరిచి అట్టిపెట్టింది. ఉమ్ వజ్ది లోపలికి రాగానే ఆ రుమాలు తీసి, కుర్చీని చేత్తో తట్టింది. వెటకారమో, పిలుపో అర్థం కాలేదు. ఉమ్ నిమర్ మొహంలో ఆ రెంటికీ ఎప్పుడూ తేడా ఉండదు.

ఉమ్ వజ్ది కుర్చీ పక్క నుంచే, దాని వంక చూడకుండా నడిచి, ముందు వరసలో నిలబడింది.

నిలబడటం బాగానే జరిగింది. నడుము వంచడమూ జరిగింది. ఇక సజ్దా. ముందు చేతులు నేలకు ఆన్చింది. తరవాత ఎడమ మోకాలు. తరవాత, ఊపిరి బిగబట్టి, కుడిది. పొడిచింది. కానీ ఇరుక్కోలేదు, పడలేదు, బిగుసుకోలేదు. నుదురు తివాచీకి తగిలింది. దుమ్ము వాసన, ఎవరివో పాదాల వాసన, ఎక్కణ్ణుంచో సబ్బు వాసన. చెప్పాల్సిన మాటలు చిన్నప్పటి నుంచీ నోటికొచ్చినవే. ఒక్కటీ గుర్తు రాలేదు.

"వచ్చాను," అంది నేలతో.

ముందు నుంచి ఇమామ్ పిలుపు వినిపించింది. అందరూ కూర్చున్నారు, మళ్ళీ వంగారు, లేచి నిలబడ్డారు. ఉమ్ వజ్ది లేవలేదు. లేవడానికి అరచేతులు ఒత్తింది. తొడలో కండ ఉన్నంతవరకు ఉంది, తరవాత లేదు. దిగడం గురించే ఇన్నాళ్ళూ తపన పడింది. లేవడమన్నది ఒకటుందని ఆమెకు తట్టనే లేదు. డాక్టరు ఇన్షాల్లాలో ఏ సగం పొట్టిదో ఇప్పుడు తెలిసింది.

చుట్టూ కాళ్ళు నిటారుగా నిలబడి ఉన్నాయి. తనొక్కతే నేల మీద. ఇది నమాజు కిందికి వస్తుందా, పడిపోవడం కిందికి వస్తుందా? అందరూ నిలబడ్డప్పుడు నుదురు నేలకు ఆన్చి ఉంటే పుణ్యమా, తప్పా? లేవలేక వంగి ఉంటే అది వంగడమేనా? ఎవర్ని అడగాలి? అడగాల్సినవాడి ముందే ఉంది కదా అని తోచింది. కానీ ఆయన వైపు నుంచి ఏమీ వినపడలేదు. గుర్తొచ్చిన మాటల్ని గుర్తొచ్చిన వరసలో చెప్పుకుంటూ అలాగే ఉండిపోయింది.

నమాజు అయిపోయింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

"చూశావా, ఇంకా లేవలేదు. ఎంత భక్తి!"

"ఏడుస్తున్నట్టుంది పాపం. దేవుడు మనక్కూడా అలాంటి మనసివ్వాలి."

అప్పుడు వెనక నుంచి కుర్చీ ఈడుస్తున్న గరగర చప్పుడు, దాంతోపాటు ఉమ్ నిమర్ ఆయాసం, వరసలు చీల్చుకుంటూ దగ్గరికి వచ్చాయి. కుర్చీ ఉమ్ వజ్ది తల పక్కన ఆగింది. ఉమ్ నిమర్ వంగగలిగినంత వంగింది.

"ఏమే, ఇంత సేపు ఏం మాట్లాడుకుంటున్నారు మీరిద్దరూ? మా గురించేమైనా అన్నాడా?"

"నోరు మూసుకుని కుర్చీ గట్టిగా పట్టుకో," అంది ఉమ్ వజ్ది తివాచీలోకి.

ఉమ్ నిమర్ కుర్చీ వీపును రెండు చేతులా ఒడిసి పట్టి, తన బరువంతా దాని మీద వేసింది. ఉమ్ వజ్ది కూర్చునే పలకను పట్టుకుని, ఎడమ కాలు మడిచి, పళ్ళు కొరుక్కుంటూ పైకి వచ్చింది. వచ్చి నిలబడింది. కుర్చీలో కూర్చోలేదు. ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యలో కుర్చీ, ఆయాసపడుతూ నిలబడ్డారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఉమ్ వజ్ది భుజం తాకి, నీ నమాజు దేవుడు స్వీకరించాలి అని చెప్పి వెళ్ళారు. ఉమ్ నిమర్ ఒక్క ముక్క బయటపెట్టలేదు. పెట్టుంటే వాడంతా పండగ చేసుకునేది.

"బాగుపడిందా మరి నీ మోకాలు?" అని మాత్రం అడిగింది, బయట చెప్పులు వేసుకుంటుంటే.

ఉమ్ వజ్ది నోరు తెరిచింది. జవాబు దొరక్క మూసుకుంది. ఆమె నోరు మాట లేకుండా మూసుకోవడం ఉమ్ నిమర్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఇంటికొచ్చేసరికి అబూ వజ్ది వాకిట్లో పావురాల గూడు కడుగుతున్నాడు.

"దిగావా?"

"దిగాను."

"లేచావా?"

"లేచాను... ఉమ్ నిమర్ కుర్చీ పట్టుకుని."

"అయితే ఆపరేషన్ పనిచేసినట్టా, చెయ్యనట్టా?"

"నన్నే అడుగుతావేం? సగం చేసినట్టుంది. ఆ సగం నీళ్ళదో, ఎండదో, కాలెత్తిందో ఎవరు చెప్పాలి?" ఆమె గొంతు పెరిగింది. "అసలు నా నమాజు అయిందా కాలేదా అది చెప్పు ముందు. ఒక్క సజ్దాలోనే ఉండిపోయా కడదాకా."

అబూ వజ్ది గూడు వదిలేశాడు. చేతులు తుడుచుకుని దగ్గరికి వచ్చి ఆమె గడ్డం పట్టి మొహం వెలుతురుకు తిప్పాడు. అంతసేపు తివాచీకి ఒత్తుకున్న నుదుటి మీద, నేతలోని పువ్వు రేకులతో సహా ఎర్రగా అచ్చుపడి ఉంది. ఆయన దాన్ని బొటనవేలితో మెల్లిగా తడిమాడు, తడి ఆరిందో లేదో చూసినట్టు.

"ముద్ర పడిందే," అన్నాడు. "ఇది మనదే."

ఆమె ఆయన చేతిని తోసేసింది. ఆ తోయడంలో జోరు లేదు. మెట్లెక్కి, ఒక్కో మెట్టుకూ మోకాలిని తిడుతూ, వంటింటి కిటికీ తలుపు తెరిచింది. ఎదురింటి కిటికీ తెరిచే ఉంది.

"ఏమే! వచ్చే శుక్రవారం ఆ కుర్చీ ముందు వరసలో వెయ్యి. నా పక్కన."

"ముందు వరసలో సింహాసనమా?" అంది ఎదుటి నుంచి గొంతు. "అంతలోనే ఎక్కేస్తావా?"

"ఎక్కడానికి కాదే, లేవడానికి!"

 ఉమ్ నిమర్ తల కిటికీలో కనిపించింది.

"పట్టుకునేదాన్ని నేనేగా? మరి నా నమాజు ఎప్పుడు చెయ్యమంటావు?"

ఉమ్ వజ్ది ఆలోచించింది. అది ఆమెకు తట్టలేదు.

"అడుగుదాంలే ఇమామ్‌ని," అంది చివరికి. కిటికీ తలుపు వెయ్యకుండానే తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, కాలు జాపుకుంది.